రెండో రాత్రి

పోయిన ఆదివారం మా నాటక సమాజం కమిటీ కూర్చుంది. వచ్చే ఏడాదికి సమాజానికి 50 ఏళ్లు నిండుతాయి. స్వర్ణోత్సవం ఎలా చెయ్యాలో తేల్చుకోవాలి. గ్రంథాలయం వెనక గదిలో, పాత పేపర్ల కట్టల మధ్య పదకొండు మందిమి కూర్చున్నాం. కార్యదర్శి గారు అప్పటికే ఒక కాగితం రాసుకొచ్చారు. నవంబరు నుంచి మార్చి దాకా నెలకొకటి చొప్పున ఐదు నాటకాలు. మొదట ‘గయోపాఖ్యానం’, తర్వాతి నెల ‘కన్యాశుల్కం’లోంచి కొన్ని రంగాలు, ఆ పై నెల ‘సత్యహరిశ్చంద్ర’ కాటిసీను, నాలుగో నెల పరిషత్తుల్లో, అంటే నాటక పోటీల్లో, మాకు బహుమతులు తెచ్చిపెట్టిన నాటిక. చివరి నెల ఒక హాస్య నాటిక, దాని ముందు సభ, సన్మానాలు, ముఖ్య అతిథిగా సినిమా నటుడు.

అందరికీ నచ్చింది. పాతతరం వాళ్లకి పద్యం ఉంది, చదువుకున్నవాళ్లకి గురజాడ ఉన్నాడు, పిల్లలకి నవ్వులున్నాయి. వంక పెట్టడానికి ఏమీ లేదు. అయినా నేను చెయ్యెత్తి, “ఐదు నాటకాలు తలో రాత్రి ఆడే బదులు ఒకే నాటకం ఐదు రాత్రులు ఆడదామండీ, మన ఊళ్లోనే, మన హాల్లోనే” అన్నాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. కోశాధికారి గారు కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, “మొదటి రాత్రి చూసినవాడు రెండో రాత్రి ఎందుకొస్తాడండీ?” అని అడిగారు.

ఆయన నన్ను తీసిపారెయ్యడానికి అడగలేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగారు. నేను అక్కడ ఏదో గొణిగాను తప్ప సరైన జవాబు చెప్పలేకపోయాను. వారం నుంచీ అదే బుర్రలో తిరుగుతోంది. నా జవాబేమిటో ఇక్కడ నెమ్మదిగా చెప్పుకోవాలనుంది.

ముందు ఒక మాట. నేను సమాజంలో లైట్లు చూస్తాను. ఎవరైనా ఆఖరి నిమిషంలో రాకపోతే తప్ప వేషం వెయ్యను. హాలు చివర బల్ల మీద డిమ్మర్లు పెట్టుకుని కూర్చునే మనిషికి స్టేజీ ఎంత కనిపిస్తుందో జనం వీపులు కూడా అంతే కనిపిస్తాయి. నాటకం ఎక్కడ పట్టు బిగిసిందో, ఎక్కడ జారిందో తలల కదలికే చెప్పేస్తుంది. పక్కవాడితో మాట్లాడే తల వేరు, ముందుకు వంగిన తల వేరు. ఇరవై మూడేళ్లుగా నేను చూస్తున్నది ఎక్కువగా ఆ తలల్నే.

ఈదురుగాలి కొట్టిన రాత్రి

మా నాటిక ఒకటుంది. మా ఊరి కాలేజీలో తెలుగు పాఠం చెప్పే అమ్మాయి రాసింది. కౌలు రైతు కథ. కౌలు కార్డు కావాలంటే కాగితం మీద భూమి ఆసామి సంతకం పెట్టాలి. 2019లో సాగుదారుల హక్కుల చట్టం అయితే వచ్చింది గానీ సంతకం దగ్గరే అంతా ఆగిపోతుంది. పెడితే భూమి ఎక్కడ చేతులు మారుతుందోనని ఆసామికి భయం, పెట్టకపోతే బ్యాంకు అప్పు పుట్టదని, పంట పోతే పరిహారం రాదని కౌలుదారుకి భయం. ఇద్దరూ చిన్నప్పుడు ఒకే బళ్లో చదువుకున్నవాళ్లు. నాటిక మధ్యలో ఒక సీనుంది. అరుగు మీద ఆసామి, కింద నిలబడి కౌలు రైతు, మధ్యలో కాగితం. ఆసామి పెన్ను మూత తీస్తాడు. కాగితం వంక చూస్తాడు. మూత మళ్లీ పెట్టేస్తాడు. మాటేమీ ఉండదు. మూత పడ్డ టిక్కు శబ్దం వినపడగానే నేను అరుగు మీద లైటు మెల్లగా దించెయ్యాలి. పరిషత్తుల్లో ఆ సీను ఎప్పుడాడినా పన్నెండు సెకన్లు. మనసులో లెక్కపెట్టుకుంటూ దించుతాను.

మొన్న శ్రీరామనవమికి తెనాలి వైపు ఒక పల్లెటూరి పందిట్లో దాన్ని ఆడాం. ఏటా అక్కడ పద్యనాటకమే వేయిస్తారు. ఈసారి ఊరి కుర్రాళ్లు పట్టుబట్టి మమ్మల్ని పిలిచారు. సరిగ్గా ఆ పెన్ను సీను అయిన రెండు నిమిషాలకి ఈదురుగాలి కొట్టింది. పందిరి ఒక వైపు కూలింది, కరెంటు పోయింది. ఎవరికీ దెబ్బలు తగల్లేదు, అదే పదివేలు. సామాను తడవకుండా బడిలోకి చేరేసుకుని అక్కడే పడుకున్నాం. పొద్దున్నే ఊరి పెద్ద ఒకాయన వచ్చి, “సగంలో ఆగితే ఊరికి మంచిది కాదు. ఇయ్యాల రాత్రికి మొదట్నుంచీ ఆడండి, భోజనాలు మావి” అన్నారు. పక్క ఊళ్లో వేషం ఒప్పుకున్న నటీమణి ఫోన్లు చేసి ఎలాగో తప్పించుకుని ఆగింది.

అలా ఈ నాటికని మొట్టమొదటిసారి ఒకే చోట, ఒకే జనానికి వరసగా రెండు రాత్రులు ఆడాం.

రెండో రాత్రి నాకు ముందు తెలిసిన తేడా నవ్వులది. మొదటి రాత్రి నవ్విన చోట్ల సగం నవ్వులే వచ్చాయి. మా వాళ్లు కంగారు పడ్డారు. కానీ మొదటి రాత్రి ఎవరూ పట్టించుకోని చోట, ఆసామి భార్య కౌలుదారు చేతికి నేరుగా ఇవ్వకుండా మజ్జిగ గ్లాసు అరుగు అంచున పెట్టే చోట, ఆడవాళ్ల వైపు గుసగుస మొదలైంది. నిన్న కథ చూశారు, ఇవాళ మనుషుల్ని చూస్తున్నారు. అలాగే పెన్ను సీను వచ్చింది. సంతకం పెట్టడని అక్కడ అందరికీ తెలుసు, నిన్న చూశారు. మా నటుడు మూత తీశాడు. ముందు వరసలో చాప మీద కూర్చున్న ఒక ముసలావిడ, పెద్ద గొంతేమీ కాదు, ఇంట్లో మనిషితో అన్నట్టు, “పెట్టవయ్యా సంతకం” అంది.

మా నటుడి చెయ్యి ఆగిపోయింది. మూత వేళ్ల మధ్య ఉంది, పెట్టలేకపోతున్నాడు. నేను పన్నెండు లెక్కపెట్టేసి, ఇరవై కూడా దాటి, లైటు మీద చెయ్యి అలాగే ఉంచాను. ముప్పై దాటాక కూడా పందిట్లో చిన్న అలికిడి లేదు. చివరికి అతను ఆవిడ వైపు చూడకుండా, కాగితం వంకే చూస్తూ మూత పెట్టాడు. ఆ టిక్కు శబ్దం పందిరి చివరి దాకా వినపడే మైకులేవీ మా దగ్గర లేవు. నాకు మాత్రం వినపడింది.

తర్వాత మేకప్ తుడుచుకుంటూ, “ఇన్నాళ్లూ ఆ సీన్లో నేను కఠినంగా ఉన్నాననుకుని చేశాను. మనిషి అడిగితే పెట్టకుండా ఉండటం ఎంత కష్టమో ఇవాళ తెలిసింది” అన్నాడు. ముప్పై సార్లకు పైగా ఆడిన వేషం గురించి అన్న మాట అది. రెండు పరిషత్తుల్లో ఉత్తమ నటుడి బహుమతి ఆ వేషానికే వచ్చింది.

పరిషత్తు కొలత

ముప్పై సార్లు ఆడినవాళ్లకి ఆ రాత్రి దాకా ఆ సంగతి ఎందుకు తెలియలేదు అన్నదే నా బాధ. ముప్పై సార్లూ ముప్పై ఊళ్లలో ఆడాం. ప్రతి ఊళ్లోనూ మొదటి రాత్రే, ఆఖరి రాత్రీ అదే. సొంత ఊళ్లో ఆడింది ఒక్కసారి, అది కూడా పరిషత్తులకి వెళ్లే ముందు, లోటుపాట్లు చూసుకోవడానికి.

పరిషత్తుల్ని తక్కువ చెయ్యడం నా ఉద్దేశం కాదు. 1929లో తెనాలిలో ఆంధ్ర నాటక కళాపరిషత్తు పుట్టకపోయి ఉంటే, ఆ దారిలో ఊరూరా పరిషత్తులు లేచి ఉండకపోతే, సినిమా వచ్చాక మన సాంఘిక నాటకం ఎప్పుడో చాప చుట్టేసేది. రాసేవాళ్లని, దర్శకుల్ని, వేళకి తెర లేపే క్రమశిక్షణని పరిషత్తులే ఇచ్చాయి. నాకు లైటింగ్ నేర్పిందీ పరిషత్తే. ఇంకో సమాజం వాళ్లు నీలం కాగితం ఎలా వాడారో చూసి, మర్నాడు బజారుకెళ్లి అదే కొనుక్కున్న రోజులున్నాయి. చందాలెత్తి, ఇళ్లల్లో వండి పెట్టి, వచ్చిన కళాకారుల్ని చుట్టాల్లా చూసుకునే నిర్వాహకులు నాకెంతమందో తెలుసు. వాళ్లకి చెయ్యెత్తి దణ్ణం పెడతాను.

కానీ పరిషత్తు నాటికకి ఒక కొలత ఉంది. గంట దాటకూడదు. సెట్టు గబగబా వేసి గబగబా తీసెయ్యాలి, వెనక ఇంకో సమాజం సామాను దింపుకుని కూర్చుని ఉంటుంది. ఆడ వేషాలు ఒకటి, మహా అయితే రెండు. ఆ నటీమణులు కూడా నాలుగైదు సమాజాలకి వేస్తారు. అది వాళ్ల బతుకుతెరువు. ఒకే రాత్రి ఒక నాటికలో తల్లి, మరో నాటికలో కోడలు. రిహార్సల్ అంటే కారులోనో, గ్రీన్ రూమ్‌లోనో మాటలు ఒకసారి అప్పజెప్పుకోవడం. న్యాయనిర్ణేతలు ముగ్గురు ఒక్కసారే చూస్తారు కాబట్టి, ఏది చెప్పినా ఒక్కసారికే తగలాలి. అందుకే చివర్లో ఆవేశం పెరుగుతుంది, ఎవరో ఒకరు ముందుకొచ్చి జనం వైపు తిరిగి మాట్లాడతారు. మజ్జిగ గ్లాసు అరుగు అంచున పెట్టడం లాంటివి అక్కడ పోతాయి. ఎవరూ తీసెయ్యరు, వాటంతట అవే అరిగిపోతాయి. మా రచయిత్రి మొదట రాసిన ప్రతిలో ఆసామి చిన్నప్పటి బడి గురించి ఒకటిన్నర పేజీ మాట్లాడతాడు. గంటలో ఇమడక దాన్ని మేమే కోశాం. కోసినవాళ్లలో నేనూ ఉన్నాను.

ఇలా ముప్పై ఏళ్లు ఆడితే మనం ఎవరి కోసం ఆడుతున్నామో మరిచిపోతాం. మా ఊళ్లో చాలామందికి మా సమాజం ఉందని పేపర్లో బహుమతుల వార్త చూస్తే తప్ప తెలియదు. మా వీధి చివర టీ కొట్టు అతను ఓసారి, “మీరు బైట ఊళ్లకే ఆడతారంటగా?” అని అడిగాడు. మామూలుగా అడిగాడు. నాకు మాత్రం ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

తెలిసిన కథే

కోశాధికారి గారి ప్రశ్నకి వద్దాం. చూసినవాడు మళ్లీ ఎందుకొస్తాడు?

మన పల్లెటూళ్లలో ఒకప్పుడు ఈ ప్రశ్నే లేదు. కృష్ణరాయబారం ఎలా అయిపోతుందో తెలియనివాడు పందిట్లో ఒక్కడూ ఉండేవాడు కాదు. అయినా తెల్లారే దాకా కూర్చునేవాళ్లు. పడక సీనుకి ఒక కృష్ణుడు, రాయబారానికి ఇంకో కృష్ణుడు వచ్చినా జనం తికమక పడలేదు, ఎందుకంటే వాళ్లు కథ కోసం రాలేదు. ఈయన ఆ పద్యం ఎలా ఎత్తుకుంటాడు, ఆయన ఎక్కడ ఆపుతాడు అని చూడటానికి వచ్చారు. చూసేవాడు కథ తెలుసుకునే పని నుంచి బయటపడితేనే మిగతాది చూడగలడు. శ్రీరామనవమి పందిట్లో ఆ ముసలావిడకి ఒక్క రోజులో దక్కింది అదే.

కాటిసీను సంగతే తీసుకోండి. బలిజేపల్లి లక్ష్మీకాంతం గారి నాటకంలోకి జాషువా గారి శ్మశానవాటి పద్యాలు వచ్చి చేరాయి. ఇవాళ వినేవాళ్లలో చాలామంది రెండూ ఒకే చేతి రాత అనుకుంటారు. అవి అలా కలిసిపోయింది ఏ రచయితో గదిలో కూర్చుని కలిపితే కాదు. ఆడగా ఆడగా, నటులు పాడగా పాడగా, జనం మళ్లీ మళ్లీ అడగ్గా కలిశాయి. ఏ సమాజమైనా ఆ నాటకాన్ని ఒక్క రాత్రి ఆడి అటకెక్కించి ఉంటే ఆ పద్యాలు అందులోకి వచ్చేవే కావు.

‘కన్యాశుల్కం’ కూడా అంతే. 1892లో విజయనగరంలో మొదటిసారి ఆడారు, 1897లో అచ్చయింది. మనం ఇవాళ నెత్తిన పెట్టుకుంటున్నది గురజాడ దాన్ని తిరగరాసి పెంచి 1909లో వేసిన ప్రతి. అచ్చయిన నాటకాన్ని ఆయనే అయిపోయిందనుకోలేదు. అదే విజయనగరంలో జె.వి. సోమయాజులు, జె.వి. రమణమూర్తి అన్నదమ్ములు ఉద్యోగాలు చేసుకుంటూనే ఆ ఒక్క నాటకాన్ని ఏళ్ల తరబడి ఆడారు. రమణమూర్తి గారి గిరీశం గురించి పెద్దలు చెబుతుంటే, ఒక వేషంతో ఒక మనిషి అంతకాలం కాపురం చేస్తే ఏమవుతుందో అర్థమవుతుంది.

ఇక సురభి. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో ‘కీచకవధ’తో మొదలైన ఆ కుటుంబాలు 140 ఏళ్లుగా టిక్కెట్టు పెట్టి ఆడుతున్నాయి. హైదరాబాదులో పబ్లిక్ గార్డెన్స్ లలితకళా తోరణంలో వాళ్ల ‘మాయాబజార్’ రెండుసార్లు చూశాను, నాలుగేళ్ల తేడాతో. రెండోసారి వెళ్లేటప్పుడు మా అమ్మని తీసుకెళ్లాను. తీగల మీద బాణాలు ఎదురెదురుగా వచ్చి కొట్టుకునే చోట ఆవిడ చప్పట్లు కొట్టింది. నేను ఆ బాణాలు చూడలేదు, ముందే తెలుసు కదా. తెర పక్కన నిలబడి, తన సీను రాకముందే పెదాలతో అందరి మాటలూ చెప్పుకుంటున్న ఒక పిల్లని చూశాను. ఎనిమిదేళ్లుంటాయేమో. నాటకం మొత్తం ఆ పిల్ల నోట్లో ఉంది. ఆ దృశ్యం మొదటిసారి చూస్తే నా కంట పడేది కాదు.

సురభి వాళ్లది వృత్తి, మనది సరదా, పోలికేమిటి అని కార్యదర్శి గారు అన్నారు. పోలిక లేదు, ఒప్పుకుంటాను. వాళ్లు పుట్టుకతోనే స్టేజీ మీద ఉంటారు. మనం బ్యాంకు నుంచి, బడి నుంచి, ఎరువుల కొట్టు నుంచి సాయంత్రం ఏడింటికి వస్తాం. కానీ ‘సరదా’ అన్న మాట నేను ఒప్పుకోను. రాజమండ్రిలో చదువుకునే రోజుల్లో టంగుటూరి ప్రకాశం పంతులు గారు చిలకమర్తి నాటకాల్లో వేషాలు వేశారు. ప్లీడర్లు, గుమాస్తాలు, మేష్టర్లు కట్టుకున్న సమాజాలే తెలుగు నాటకాన్ని నిలబెట్టాయి. 1880లో వీరేశలింగం గారు ‘వ్యవహార ధర్మబోధిని’ ఆడించింది కూడా తన దగ్గర చదువుకునే పిల్లలతోనే, తన ఊళ్లోనే, ఆ ఊరి కోర్టు సంగతుల మీదే.

డబ్బులు, జనం

ఖర్చు లెక్క వేశాను. ఐదు నాటకాలంటే ఐదు సెట్లు, ఐదు రకాల దుస్తులు. పద్యనాటకానికి కిరీటాలు, భుజకీర్తులు అద్దెకి తేవాలి, హార్మోనియం ఆయన్ని పిలవాలి. ఐదుసార్లు వేరు వేరు నటీమణుల్ని మాట్లాడుకోవాలి. ఒకే నాటకమైతే ఒక సెట్టు, ఒక జత బట్టలు. రంగు, లారీ ఖర్చు ఒక్కసారే. హాలు అద్దె రెండింటికీ ఐదు రోజులే. నటీమణికి ఐదు రాత్రులకి ముందే మాట్లాడి, రిహార్సల్ రోజులకి కూడా డబ్బిస్తే, ఆవిడ కూడా కారులో మాటలు బట్టీ పట్టే పని లేకుండా నిజంగా ఒక మనిషిని కట్టుకోగలుగుతుంది. సినిమా అతిథికి పెట్టే ఖర్చు మిగిలితే అందులోనే ఇది వెళ్లిపోతుంది. అతిథి గురించి నాకు పాత గాయం ఒకటుంది. ఒక వార్షికోత్సవానికి వచ్చిన అతిథి మూడు గంటలు ఆలస్యంగా వచ్చి, గంటసేపు మాట్లాడి, ఫోటోలు దిగి వెళ్లిపోయారు. రాత్రి పదిన్నరకి తెర లేచింది. ఆయనతో పాటే హాలు ఖాళీ అయింది. మూడు నెలలు రిహార్సల్ చేసిన పిల్లలు కుర్చీలకి ఆడారు. ఆ రాత్రి లైట్లు వేస్తూ నేను ఏడ్చాను.

జనం సంగతికొస్తే నా దగ్గర ధైర్యంగా చెప్పే మాట లేదు. నా వాదానికి ఎదురు నిలిచే అనుభవం మాకే ఉంది. పదకొండేళ్ల కిందట మా ఊళ్లోనే ఒక నాటకం వరసగా మూడు రాత్రులు వేశాం. మొదటి రాత్రి హాలు నిండింది. రెండో రాత్రి సగం. మూడో రాత్రి ఇరవై ఆరు మంది, అందులో మా ఇళ్లవాళ్లు పదిమంది. అప్పటి నుంచీ ‘మూడు రాత్రులు’ అంటే మా వాళ్లకి భయం. పోయిన ఆదివారం నా మాట వినగానే వాళ్ల మొహాల్లో కనిపించింది ఆ మూడో రాత్రే.

అప్పుడు చేసిన పొరపాట్లు ఇప్పుడు నాకు కనిపిస్తున్నాయి. మంగళ, బుధ, గురువారాలు పెట్టాం, పరీక్షల కాలంలో. టిక్కెట్టు లేదు. పిలుపులన్నీ మొదటి రాత్రికే ఇచ్చాం, కార్డు మీద కూడా ఆ తారీఖు పెద్దక్షరాల్లో, మిగతా రెండూ కింద చిన్నగా. మొదటి రాత్రి చూసిన మనిషి పక్కింటివాళ్లకి చెప్పడానికి, వాళ్లు వీలు చూసుకోవడానికి ఒక్క పగలే ఉంది. అందుకే ఈసారి వరసగా వద్దు, ఐదు శనివారాలు పెడదామంటున్నాను. మధ్యలో వారం ఉంటుంది. ఆ వారంలో నాటకం గురించి ఊళ్లో ఎవరైనా మాట్లాడుకుంటే జనం వస్తారు. మాట్లాడుకోకపోతే ఆ సంగతి కూడా మనకి తెలియాలి. టిక్కెట్టు 50 రూపాయలు పెడదాం. కౌలు రైతులకి, చదువుకునే పిల్లలకి ఊరికే ఇద్దాం. డబ్బు పెట్టి కొన్న కాగితం జేబులో ఉంటే మనిషి శనివారం సాయంత్రం గుర్తు పెట్టుకుంటాడు.

ఇదంతా చేసినా మూడో శనివారం ఇరవై ఆరు మందే రావచ్చు. నిజమే. అప్పుడు ఆ ఇరవై ఆరు మందికీ ఆడదాం. పరిషత్తుల్లో రాత్రి ఒంటిగంటకి ఆఖరి నాటికగా ఎన్నిసార్లు అంతకన్నా తక్కువ మందికి ఆడలేదు? అప్పుడు న్యాయనిర్ణేతలు ఉన్నారని గొంతు చించుకున్నాం. మన ఊరి మనుషులు ఇరవై ఆరు మంది ఉంటే ఎందుకు చిన్నతనం?

కాటిసీను పెద్దాయన

నన్ను నిజంగా ఆపిన ప్రశ్న డబ్బుది కాదు, జనానిదీ కాదు. మా సమాజంలో ఒక పెద్దాయన ఉన్నారు. డెబ్బై ఆరేళ్లు. మేమంతా ‘బాబాయి గారు’ అంటాం. సమాజం పెట్టిన మొదటి ఏడాది నుంచీ ఉన్నవాళ్లలో ఇంకా తిరుగుతున్నది ఆయనొక్కరే. స్వర్ణోత్సవంలో ఒక్కసారి హరిశ్చంద్రుడు కట్టి ఆపేస్తానని రెండేళ్లుగా చెబుతున్నారు. ఒకే నాటకం అంటే ఆ కాటిసీను పోతుంది. కమిటీలో నేను చెయ్యెత్తినప్పుడు ఆయన కూడా ఆ గదిలోనే ఉన్నారు. ఒక్క మాట అనలేదు.

బుధవారం సాయంత్రం వాళ్లింటికి వెళ్లాను. మంచం మీద కూర్చుని మందుల డబ్బాలో సోమవారం అర, మంగళవారం అర నింపుకుంటున్నారు. “కూర్చోరా, నీ ఐదు రాత్రుల గురించేనా?” అన్నారు. క్షమించమని అడగబోయాను. చెయ్యి అడ్డం పెట్టి, కాంట్రాక్టు నాటకాల రోజుల కథ చెప్పారు. ఒక ఊళ్లో ఏటా తిరునాళ్లకి ఆయనదే హరిశ్చంద్రుడు. పన్నెండేళ్లు వరసగా వెళ్లారు. ఏడో ఏడో, ఎనిమిదో ఏడో గొంతు పట్టేసి ఒక పద్యం మధ్యలో ఆగిపోయింది. “ముందున్న జనం అందుకున్నార్రా. నలుగురో ఐదుగురో కాదు, పందిరంతా. నేను కర్ర పట్టుకుని నిలబడ్డాను, పద్యం వాళ్లే పూర్తి చేశారు. హార్మోనియం ఆయన కూడా వాళ్లకే శ్రుతి ఇచ్చాడు.” అది చెబుతూ ఆయన మందుల డబ్బా మూత వేసి, తీసి, మళ్లీ వేశారు. బుధవారం అరలో మాత్ర వెయ్యడం మరిచిపోయారని నేను గుర్తు చేశాను.

నా వాదానికి అంతకన్నా పెద్ద సాక్ష్యం ఎక్కడ దొరుకుతుంది? కానీ ఆయన నాకు సాక్ష్యం చెప్పడానికి ఆ కథ చెప్పలేదు. ఆ పందిరి మీద బెంగతో చెప్పారు. వెంటనే, “నాకు మాత్రం ఆ కాటిసీను కావాలి” అన్నారు. పట్టుదలగా అన్నారు. “నీ నాటకం నువ్వాడుకో. నాకొక్క రాత్రి ఉంచు.”

ఆ రాత్రి ఇంటికొచ్చాక నా మాట కొంచెం మార్చుకున్నాను. నేను పట్టుబట్టిన ‘ఒకే నాటకం’లో కొంత మొండితనం ఉంది. ఊరు మళ్లీ మళ్లీ చూడాలని కోరేవాళ్లం, ఈ ఊరు నలభై ఏళ్లకు పైగా మళ్లీ మళ్లీ చూసిన ఒక్క మనిషిని పక్కన పెడితే ఎలా? మొదటి శనివారం బాబాయి గారి కాటిసీను, ముప్పావుగంట. దాని తర్వాత మా కౌలు నాటిక. మిగతా నాలుగు శనివారాలు కౌలు నాటిక ఒక్కటే, గంట హద్దు లేకుండా, మనం కోసేసిన ఆ ఒకటిన్నర పేజీతో సహా.

ఎందుకు ఆ నాటికే అని కూడా అడిగారు. స్వర్ణోత్సవానికి గురజాడో చిలకమర్తో ఉంటే నిండుగా ఉంటుందని. వాళ్ల మీద నాకున్న గౌరవం ఇప్పటికే చెప్పాను. అయితే మా చుట్టుపక్కల పొలాల్లో సగానికి సగం కౌలుకే సాగుతాయని ఇక్కడ ఎవరిని అడిగినా చెబుతారు. హాల్లో ఆసాములూ ఉంటారు, కౌలుదార్లూ ఉంటారు, పక్క పక్కనే కూర్చుంటారు. 1947లో సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు రాసిన ‘మా భూమి’ని ఊరూరా ఆడినప్పుడు కూడా జనం అందులో తమ భూమి గొడవనే చూసుకున్నారు. ఐదు శనివారాలు ఒకే కాగితాన్ని, ఒకే పెన్నుని చూసిన ఊళ్లో ఏదైనా ఒక సంతకం పడుతుందని నేను అనడం లేదు. ఐదోసారి ఆ సీను ఎలా ఉంటుందో మాకు తెలియదు, ఊరికీ తెలియదు. అది తెలుసుకోవాలని ఉంది.

నిన్న కార్యదర్శి గారికి ఇదంతా ఫోన్లో చెప్పాను. ఐదు అనేసరికి ఆయన ఇంకా వెనకాడుతున్నారు. మూడు శనివారాలకైతే కమిటీని ఒప్పిస్తానన్నారు. మిగతా రెండు శనివారాలకి ‘కన్యాశుల్కం’ రంగాలు, హాస్య నాటిక ఉంచుదామన్నారు. సినిమా అతిథి గురించి ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు. మూడుకి ఒప్పుకున్నాను. కోశాధికారి గారు టిక్కెట్టు 30 చాలంటున్నారు, దాని మీద ఇంకా మాట్లాడాలి.

రచయిత్రి కోసేసిన పేజీ వెతికి తీసింది. అందులో ఆసామి మాటలు కొన్ని మార్చి రాస్తోంది. మజ్జిగ గ్లాసు పెట్టే చోట ఆసామి భార్యకి రెండు మాటలు కలపమని నటీమణే అడిగింది. రిహార్సల్స్ ఈ సోమవారం నుంచి, రాత్రి ఏడున్నరకి, గ్రంథాలయం వెనక గదిలోనే. బాబాయి గారు తొమ్మిదింటికల్లా ఇంటికి వెళ్లాలి కాబట్టి ముందు కాటిసీను చేస్తాం.